గ్రానైటు కాని నల్ల గ్రానైటు

కుప్పం దారిలో ఎప్పుడైనా పోయారా? పోయుంటే రోడ్డుకు రెండు పక్కలా గుండ్ల గుట్టలు చూసే ఉంటారు. బూడిదరంగువి, అక్కడక్కడా లేత గులాబీవి. వాటి నడుమ ఒక్కోచోట నల్లటి గుండ్లు, ఎవరో గట్టు వేసినట్టు, వరసగా సాగిపోతుంటాయి. క్వారీ భాషలో అదీ గ్రానైటే, ఇదీ గ్రానైటే. కాకపోతే ఇది బ్లాక్ గ్రానైటు. నాకు మాత్రం ఆ నల్లరాయిని దాని సొంత పేరుతోనే పిలవాలని ఉంటుంది. అది డోలరైటు.

రెండూ అగ్నిశిలలే. కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడ్డవే. బూడిదరంగుది భూమి లోపల, కిలోమీటర్ల లోతున, లక్షల ఏళ్ళపాటు నిదానంగా చల్లారింది. అంత తీరిక దొరికింది కనక పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాకిబంగారం కంటికి ఆనేంత గింజ కట్టాయి. లాటిన్‌లో గింజను గ్రానుమ్ అంటారు. ఇటలీవాళ్ళు రాయిని చూసి గ్రానీతో అన్నారు. ఆ పేరు దానికి సరిపోయింది.

నల్లదాని పుట్టుక వేరు. గ్రానైటంతా బిగుసుకుని కోట్ల ఏళ్ళు గడిచాక నేల పగుళ్ళిచ్చింది. ఇంకా లోతు నుంచి ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న ద్రవం ఆ పగుళ్ళలోకి ఎగదన్ని అక్కడే గట్టిపడింది. దాన్నే డైక్ అంటారు. సిలికా గ్రానైటులో నూటికి 70 పాళ్ళుంటే ఇందులో 50 పాళ్ళే. ఘనపు మీటరు గ్రానైటు 2,650 కిలోల దాకా తూగితే ఇది 3,000కు దగ్గరపడుతుంది. ధార్వాడ్ ప్రాంతంలో తూర్పు పడమరలుగా సాగే పెద్ద డైకుల గుంపు వయసు సుమారు 237 కోట్ల ఏళ్ళు. వాటికి చోటిచ్చిన గ్రానైట్లవి 250 కోట్లు, ఇంకా పైన.

ఏది ముందు, ఏది వెనక? అంచు దగ్గర నిలబడితే మీకే తెలుస్తుంది. నల్లరాయి గ్రానైటును చీల్చుకుని పోయుంటుంది; చీల్చిందే వయసులో చిన్నది. చల్లటి గ్రానైటు తగిలినచోట నల్లరాయి గింజ కనబడనంత సన్నం, నడిమికి పోయేకొద్దీ పెద్దదవుతుంది. 1785లో స్కాట్లండ్ గ్లెన్ టిల్ట్ లోయలో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ చదివిందీ ఇలాంటి అంచునే. అక్కడ గ్రానైటే పాత రాళ్ళలోకి తీగలు తీగలుగా చొచ్చుకుపోయింది. గ్రానైటు సముద్రపు నీళ్ళలో పేరుకుందని జర్మనీలో వెర్నర్ పాఠం చెబుతున్న కాలమది. కరిగినదైతేనే అలా దూరగలదని హట్టన్ పట్టుకున్నాడు.

డోలరైటుకు ఆ పేరు పెట్టింది ఫ్రెంచి స్ఫటిక శాస్త్రవేత్త అయుయి. గ్రీకులో దోలెరోస్ అంటే మోసకారి. డయోరైటు అనే ఇంకో రాయికీ దీనికీ తేడా కంటితో తేలక అలా పిలిచాడు. నాకు ఆ పేరు అన్యాయమనిపిస్తుంది. రాతిని పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టే పద్ధతి అప్పటికి రాలేదు, అంతే. ఇప్పుడు అన్నీ తెలిసీ, పాలిష్ పట్టే ప్రతి గట్టి రాయినీ గ్రానైటని అమ్ముతున్నాం. చీమకుర్తి గెలాక్సీ పేరుతో అమ్మే నల్లరాయి కూడా గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి.

తిరుమల ఘాట్‌లో పాత గ్రానైటు మీద దానికన్నా చిన్న వయసు అవక్షేప శిలలు కూర్చున్న ఎపార్కియన్ అంచును జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించి కాపాడుకుంటున్నాం. కానీ నల్లరాయికి ధర ఉంది కాబట్టి కుప్పం వైపు డైకులు తరుగుతున్నాయి. రాయి పోతే దాని అంచూ పోతుంది. ఒక్క డైకునైనా, రెండు పక్కల గ్రానైటుతో సహా, తవ్వకుండా ఉంచి బడిపిల్లలకు చూపించాలని నా కోరిక.