బెల్టు తెగక ముందే

ఈ వారం గుడి గురించి కాదు, గుడి బండి గురించి రాస్తాను. డీజిల్ బండి ఉన్నవాళ్ళందరికీ పనికొస్తుంది. ఇంజిన్ భాగాల పేర్లు ఇంగ్లీషువే ఉంచేశాను. వాటికి తెలుగు పేర్లు పెడితే చదివేవాళ్ళకూ అర్థం కాదు, రాసే నాకూ అర్థం కాదు.

డర్బన్‌లో మా గుడికి ఒక టొయోటా క్వాంటమ్ మినీబస్సు ఉంది. 2014 మోడల్, 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. ఒక కుటుంబం వాళ్ళు చాలాకాలం వాడుకుని గుడికి ఇచ్చారు. శనివారాలు, పండగ రోజులు చాట్స్‌వర్త్ నుంచీ ఫీనిక్స్ నుంచీ పెద్దవాళ్ళను గుడికి తీసుకొస్తుంది. పూజ అయ్యాక ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళను దింపుతుంది. ఎక్కేవాళ్ళలో చాలామంది ఎనభై దగ్గరపడ్డ అవ్వలు. ఇద్దరికి చేతికర్ర లేనిదే అడుగు పడదు. బండి సర్వీసు, టైర్లు, డీజిల్ లెక్కలు చూసుకోవడం నా సేవ.

ఉగాదికి ముందు కమిటీలో టైమింగ్ బెల్టు మాట ఎత్తాను. మార్చాలి, డబ్బు కావాలి అన్నాను. మా కోశాధికారి నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. "అక్కా, బండి బాగానే తిరుగుతోంది కదా. 86,000 కిలోమీటర్లే అయింది. దీపం కూడా వెలగలేదు. హుండీ డబ్బు అనవసరంగా ఎందుకు?" అన్నాడు. అతను అడిగింది న్యాయమైన మాటే. ఆ డబ్బుతో రెండు పెద్ద పూజలకు పళ్ళూ పూలూ వస్తాయి. అందుకే అతనికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇంజిన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది, పైన కామ్ షాఫ్ట్ ఉంటుంది. క్రాంక్ పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. కామ్ వాల్వులను తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసేది పళ్ళున్న ఒక రబ్బరు బెల్టు. డీజిల్ ఇంజిన్ గాలిని చాలా గట్టిగా నొక్కుతుంది, పదిహేను ఇరవై వంతుల దాకా. అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని నెత్తి మీద జాగా దాదాపు ఉండదు. ఆ క్షణంలో వాల్వు తెరిచి ఉంటే పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది.

ఇక్కడ ఒక తెలుగు పాఠం. నా బడి చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. ఇంగ్లీషులో తాడుకీ కర్రకీ కుండకీ ఒకటే మాట, బ్రేక్. తెలుగు నేర్చుకుంటుంటే తెలిసింది, తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది. టైమింగ్ బెల్టు నాకు ఈ మాటలన్నీ ఒక్కచోట నేర్పింది. బెల్టు తెగుతుంది. వాల్వులు వంగుతాయి. రాకర్లు విరుగుతాయి. ఒక్కోసారి పిస్టన్ పగులుతుంది. ఆఖరున హుండీ ఖాళీ అవుతుంది.

మరి ఎప్పుడు మార్చాలి? మొదట మీ ఇంజిన్‌లో ఉన్నది బెల్టా, చైనా అని తెలుసుకోండి. పేరు చూసి అనుకోకండి. మా పాత క్వాంటమ్ డీజిల్‌లో బెల్టు. తర్వాత వచ్చిన 2.8 లీటర్ల ఇంజిన్‌లో చైను. బెల్టయితే బండితో వచ్చిన పుస్తకం తీయండి. కొన్ని పాత డీజిళ్ళకు 60,000 కిలోమీటర్లకే మార్చమని ఉంటుంది, కొన్నిటికి 1,50,000 అని ఉంటుంది. పక్కింటివాళ్ళ బండి లెక్క మీ బండికి పనికిరాదు. ఒకే కంపెనీ బండ్లయినా ఇంజిన్ వేరైతే లెక్క వేరు.

రెండోది, ఏళ్ళు. చాలా కంపెనీలు కిలోమీటర్లతోపాటు ఏళ్ళు కూడా రాస్తాయి. ఏది ముందు వస్తే అప్పుడే మార్చాలి. రబ్బరు తిరిగితేనే అరుగుతుందని అనుకుంటాం. కానీ ఊరికే ఉన్నా అది ముసలిదవుతుంది. ఇంజిన్ వేడి, చల్లారడం, మళ్ళీ వేడి. పైనుంచి నూనె కారితే ఇంకా తొందరగా పాడవుతుంది. గుడి బండ్లు, తాతల బండ్లు కొంచెమే తిరుగుతాయి. వాటిని మోసం చేసేది ఈ కిలోమీటర్ల మీటరే. మా బండి 86,000 తిరిగింది, నిజమే. కానీ ఆ బెల్టుకు పదకొండేళ్ళు.

మూడోది, కాగితం. సెకండ్ హ్యాండ్ బండి కొన్నా, ఎవరైనా దానంగా ఇచ్చినా, బెల్టు మార్చిన రశీదు ఉందా అని చూడండి. "మార్చినట్టే గుర్తు" అన్న మాట రశీదు కాదు. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క. మా ఫైలులో ఆ కాగితం లేదు.

ఇక కోశాధికారి చెప్పిన దీపం. కొన్ని టొయోటా డీజిళ్ళలో డ్యాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని ఒక దీపం ఉంటుంది. అది బెల్టును చూసి వెలగదు. కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది, అంతే. బెల్టు వయసు దానికి తెలియదు. బెల్టు మార్చాక ఎవరూ దాన్ని సున్నాకి తిప్పకపోతే ఆ లెక్క కూడా తప్పే. చప్పుడు వస్తుందేమో విందాం అంటే, తెగే ముందు చాలా బెల్టులు ఏ చప్పుడూ చేయవు. నిన్న స్టార్ట్ అయింది, ఇవాళ స్టార్ట్ అయింది, ఎన్ 3 రోడ్డు మీద పీటర్‌మారిట్జ్‌బర్గ్ వైపు ఎక్కుతుంటే ఒక్కసారిగా ఇంజిన్ ఆగిపోతుంది. వెనక లారీలు. బండిలో పన్నెండు మంది అవ్వలు. కమిటీలో నేను డబ్బు లెక్కకంటే ముందు చెప్పింది ఈ మాటే. అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. కోశాధికారి పెన్ను తీసి సంతకం పెట్టాడు.

మార్చేటప్పుడు బెల్టు ఒక్కటే మార్చకండి. దాన్ని బిగించి పట్టుకునే టెన్షనర్, పక్కన తిరిగే పుల్లీ కూడా మార్చాలి. వాటి బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా పోతుంది. కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది. అలాంటివాటిలో పంపు కూడా అప్పుడే వేయించండి. సామాను ఖర్చు కొంచెమే పెరుగుతుంది, విప్పి బిగించే కూలి రెండోసారి కట్టే పని ఉండదు.

మా పాత బెల్టును మెకానిక్ సంచిలో పెట్టి ఇచ్చాడు. కమిటీకి చూపించాను. పళ్ళన్నీ ఉన్నాయి, పెద్ద పగుళ్ళు లేవు. "చూశావా అక్కా, ఇంకా బాగానే ఉంది" అన్నాడు కోశాధికారి. నేను గర్భగుడి వైపు చూపించాను. "తమ్ముడూ, అఖండ దీపంలో నూనె ఎప్పుడు పోస్తాం? ఆరిపోయాకా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మా అవ్వ అనేది. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అవుతోంది.

బానెట్ కింద ఒక స్టిక్కర్ అంటించాను. బెల్టు మార్చిన తేదీ, మీటరు అంకె, మళ్ళీ మార్చాల్సిన ఏడాది, అన్నీ దాని మీద ఉన్నాయి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాశాను. నాకు అరవై ఏడు. మళ్ళీ బెల్టు మార్చేనాటికి ఈ సేవ ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. వాళ్ళు ఏ భాష చదివినా పని ఆగకూడదు.

ఇవాళే మీ బండి పుస్తకం తీసి చూడండి. పుస్తకం దొరక్కపోతే రేపు మెకానిక్‌ని అడగండి. బండి బాగానే ఉందా అని కాదు, బెల్టుకు ఎన్నేళ్ళు అని అడగండి.