గాజుతొట్టిలో నేమి పఱచవలయును?

ఇప్పుడు పలువురి యిండ్లలో చేపల గాజుతొట్లు కానవచ్చుచున్నవి. చేపల రంగును, దీపముల కాంతిని గూర్చి యందఱును విచారింతురు గాని, తొట్టి యడుగున నేమి పఱచవలయునని విచారించువారు మిక్కిలి తక్కువ. నీటిమొక్కలు పెంచదలచిన యింట మొదట తేల్చుకొనవలసిన విషయ మిదియే. మన పూర్వులు పద్మమునకు పంకజమని పేరిడిరి. ఆ పువ్వు సొంపునకు మూలము బురదయే యని యా పేరే చెప్పుచున్నది.

అడుగు పొర చేయు పనులు మూడు. మొక్కల వేళ్లకు పట్టునిచ్చును. వానికి ఆహారము నిచ్చును. కంటికి కానరాని సూక్ష్మజీవులకు నెలవగును. చేపల మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా యను విషము పుట్టును. ఆ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రేటును మొక్కలు గ్రహించి పెరుగును.

ఇది క్రొత్తగా పుట్టిన మాట కాదు. రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు లండనులో తాను చేసిన ప్రయోగమును 1850లో ప్రకటించెను. ఆయన గాజుపాత్రలో ఇసుకయు, కొంత బురదయు వేసి, వాలిస్నేరియా మొక్కను నాటి, రెండు బంగారు చేపలను విడిచెను. రాలిన యాకులు కుళ్లి నీరు చెడుచుండగా నత్తలను చేర్చెను. అవి కుళ్లును తినివేసెను. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రకటించిన గ్రంథమునందును అడుగున మన్ను, దానిపై కంకర యను పద్ధతియే చెప్పబడినది.

అంగడిలో రంగురాళ్లు చూడముచ్చటగా నుండును. వానిలో మొక్కకు ఆహారము లేదు; రాళ్ల సందులలో మిగిలిన మేత దిగి కుళ్లును. మా పొరుగింటి బాలిక రంగురాళ్ల తొట్టిలో విడిచిన నాలుగు చేపలును వారము తిరుగకమునుపే చచ్చిపోగా, ఆ పిల్ల రెండు దినములు సరిగా అన్నము ముట్టలేదు. దోషము రాళ్లది మాత్రమే కాదు. క్రొత్తనీటిలో విషమును హరించు జీవు లింకను వృద్ధికాలేదు, వేరూనిన మొక్క యొక్కటియు లేదు. ఇక మొక్కలకొఱకే యమ్ము మట్టిగుళికలలో సారము కలదు. కాని వెల యధికము, సారమును కొన్నియేండ్లకు తగ్గిపోవును. ఉపాధ్యాయుని జీతముతో సంసారము నడపు నావంటివారికి పెరటి మన్నే మేలు.

ఎరువును, పురుగులమందును సోకని మన్ను తీసికొనవలయును. నల్లరేగడి తడిసి యుబ్బి జిగటయగును గనుక తగదు. చెరువు బురదలో కుళ్లు మిక్కుటము. గాలి చొరనిచోట దానినుండి కుళ్లిన గ్రుడ్డు కంపుగల వాయువు పుట్టును. మన్ను జల్లించి, నీట నానవేసి, తేలిన చెత్త పాఱబోసి, యెండబెట్టవలయును. ఇట్లు రెండుమూడు మారులు చేయుట మంచిది.

పైపొరకు ఏటి యిసుక చాలును. ఆవగింజలంతటి రేణువులు శ్రేష్ఠము. మిక్కిలి సన్ననిది గట్టిపడి వేళ్లకు గాలి యందనీయదు. మిక్కిలి ముతకది మన్నును పైకి రానిచ్చును. ఎండిన యిసుకపై నిమ్మరసము చుక్కలు వేసి చూడుడు. నురుగు పొంగినచో సున్నము, గవ్వపెంకులు కలవని తెలియును. అట్టిది నీటిని కఠినపఱచును. మంచి యిసుకను కడిగిన నీరు తేటపడువఱకు కడుగవలయును.

60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టికి రెండున్నర సెంటీమీటర్ల మందమున మన్ను నాలుగున్నర లీటర్లు, దానిపై నాలుగు సెంటీమీటర్ల మందమున ఇసుక ఏడు లీటర్లకు కొంచె మెక్కువ పట్టును. ఇసుకపై పళ్లెముంచి, దానిమీద మెల్లగా నీరు పోసినచో మన్ను కలగదు. వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ మొక్కలను వేళ్లు దిగునట్లు నాటవలయును. జావా ఫెర్న్, అనుబియాస్ మొక్కల దుంపను పూడ్చినచో కుళ్లును. వానిని రాతికో, కొయ్యకో కట్టవలయును. నాటిన మొక్కలను మాటిమాటికి పెఱికినచో మన్ను పైకి లేచును.

చేపలను వెంటనే విడువరాదు. కొన్ని వారములు గడచి, నీటిని పరీక్షింపగా అమ్మోనియాయు నైట్రైటును లేవని తేలిన పిదప, ఒకటి రెండింటితో నారంభింపవలయును. పిల్లలు తొందరపెట్టుదురు. ఆ దినములలో వారిచేత మొక్కల క్రొత్త యాకులను లెక్కపెట్టింపుడు. మన్ను చేయుచున్న పని వారి కంటికే కానవచ్చును.