ఎనిమిది నిమిషాలకి ఆస్కారు

మొన్న ఆదివారం గ్రాహం నార్టన్ షో పాత ముక్క ఒకటి కంటబడింది. 2023 నాటిది. బ్రిటిష్ నటి జూడీ డెంచ్‌కి అప్పటికి 88 ఏళ్ళు. షేక్‌స్పియర్ 29వ సానెట్‌ను సోఫాలో కూచునే సాంతం అప్పజెప్పేసింది. చేతిలో కాగితమైనా లేదు. ఉన్నా చదవలేదు లెండి. మాక్యులర్ డీజెనరేషన్‌తో చూపు బాగా తగ్గింది, స్క్రిప్టు కూడా ఎవరో చదివి వినిపించాల్సిందే. పక్కన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ అంతటి కండల మనిషి బుద్ధిగా వింటూ కూచున్నాడు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఎందుకంటే, ఈవిడకి ఆస్కారు వచ్చింది ఎనిమిది నిమిషాలకి. ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’లో ఎలిజబెత్ రాణిగా తెరమీద కనపడింది తన లెక్కలో అంతసేపే. 1999లో ఆ బొమ్మ పుచ్చుకుంటూ, ఎనిమిది నిమిషాలకి ఇందులో ఓ ముక్క ఇస్తే సరిపోయేదేమోనని తనే నవ్వించింది. కాదనను, గొప్ప నటే. కుర్రతనంలో సినిమా కోసం వెళితే నీ ముఖంలో ఏదీ సరిగ్గా లేదన్నారట. సరేనని నాటకాల్లోనే ఉండిపోయింది. 1997లో ‘మిసెస్ బ్రౌన్’లో విక్టోరియా రాణి వేషం వేసేదాకా సినిమావాళ్ళకి ఆ ముఖం విలువ తెలియలేదు. బ్రిటిష్ ప్రభుత్వానికి మాత్రం ముందే తెలిసింది. 1988లోనే ‘డేమ్’ బిరుదు ఇచ్చేశారు.

సొంత సంగతులు కూడా దాచుకోదు. భర్త మైకేల్ విలియమ్స్ కూడా నటుడే. 1971లో పెళ్ళయింది. ఆయన ప్రతి శుక్రవారం ఒక ఎర్ర గులాబీ ఇచ్చేవాడట. (మావారు శుక్రవారం తెచ్చేది కొత్తిమీర కట్ట. అదీ ఫోన్ చేసి గుర్తుచేస్తేనే.) ఆయన 2001లో పోయాడు. ఈవిడ మళ్ళీ పనిలో పడిపోయింది. పోయినవాళ్ళ పేరున ఇంటి దగ్గర చెట్లు నాటుతుంది. మనవాళ్ళయితే సంస్మరణ సభ పెట్టి, శాలువా ఎవరికి కప్పాలో తేల్చుకోలేక కొట్టుకుంటారు.

మళ్ళీ ఆ ఎనిమిది నిమిషాల దగ్గరికే వస్తున్నాను, విసుక్కోకండి. మన సూర్యకాంతంగారు ఏళ్ళతరబడి ఎడమచెయ్యి తిప్పుకుంటూ సినిమాలు మోశారు. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ముగ్గురూ ఉన్న సినిమాకి ఆవిడ పాత్ర పేరు పెట్టారు, ‘గుండమ్మ కథ’ అని. అంతమంది మహానుభావుల మధ్య! ఆవిడకి పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. ఎనిమిది నిమిషాలు కాదు, ఎనిమిది సెకన్లు కనపడితే చాలు, హాల్లో ఆడవాళ్ళు తిట్లు మొదలెట్టేవారు. అది చాలదా?

పోలిక కుదరదంటారా? నిజమే, కుదరదు. డెంచ్‌వి రాణి వేషాలు, సూర్యకాంతంగారివి గయ్యాళి అత్త వేషాలు. అయినా మా బామ్మని చూసి ఉంటే తెలిసేది. దూరదర్శన్‌లో ‘గుండమ్మ కథ’ వేసిన రోజు ఒళ్ళో చేట పెట్టుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, సావిత్రిని చూసి ‘పాపం, ఆ పిల్లచేత ఎంత చాకిరీ చేయిస్తోందే, దీని నోరు పడ!’ అని శాపనార్థాలు పెట్టేది. ఈనెలు చేటలో, కాయలు చెత్తలో పడేవి. మర్నాడు పక్కింటి పిన్నిగారితో, ‘సూర్యకాంతం లేకపోతే ఆ సినిమాలో ఏముందీ!’ అనేది కూడా ఆవిడే.

సూర్యకాంతంగారు 1994లో పోయారు. పోయినవాళ్ళకి పద్మాలేమిటని మీలో ఎవరైనా అంటే, గాయకుడు బాలుగారికి 2021లో పద్మవిభూషణ్ ఇచ్చింది ఆయన పోయాకేనని గుర్తుచేసుకోండి. గుర్తుచేసుకుని ఊరుకోకండి, ప్రభుత్వానికి ఓ ఉత్తరం ముక్క రాయండి.