బార్బీకి గరారా

మా చెల్లి చిన్నప్పటి బార్బీ ఇంకా ఉంది. అబ్బా విశాఖలో కొన్నది. మొహాన బాల్‌పెన్ గీతలు, ఉండలు కట్టిన జుట్టు. కొత్తవలస ఇంట్లోనే మరమ్మత్ మొదలెట్టాం. తలకి షాంపూ, కండిషనర్ పట్టించి కొసల నుంచి పైకి దువ్వాలి. మొదళ్ల నుంచి దువ్వితే ఊడొస్తుంది. ఆపైన వేడినీళ్లలో ముంచితే సాపవుతుంది. సిరా గీతలకు బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న మొటిమల క్రీము రాసి ఎండలో పెట్టాలి. పెదాల రంగుకి తగలనివ్వకూడదు, అది కూడా వెలిసిపోతుంది. ఒక్కరోజు పని కాదు, సబర్ కావాలి.

బార్బీ పుట్టింది 1959లో. 2003లో అరబ్ దేశాల్లో అబాయా వేసుకున్న ఫుల్లా వచ్చింది. 2017లో మాటెల్ కూడా హిజాబ్ బొమ్మను ప్రకటించింది. బాగానే ఉంది. మా భాంజీకి మాత్రం గుడ్డా గుడియా షాదీకి దుల్హన్ కావాలి. ఆ లిబాస్ మనమే కుట్టుకోవాలి.

గుడ్డ కోసం మర్హూమా అమ్మీ పెట్టె తీశాం. ఆమె నికా నాటి గరారా. జరీ నల్లబడింది, మడతల దగ్గర చిరిగింది. చెల్లి కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"అమ్మీ ఉంటే ఏమనేది భయ్యా?"

అమ్మీ కత్రన్ ముక్క కూడా పారేసేది కాదు, అన్నీ ఏదో ఒకదానికి అతికేది.

"కాట్ దే" అన్నాను.

చిరిగిన వైపు నుంచి జానెడు కోసింది. మిగతాది మడిచి పెట్టెలో పెట్టేసింది.