సిమెంటు వాసన

వెన్నుపూస విరగాలంటే కింద పడక్కర్లేదు. ఎముక గుల్లబారి ఉంటే బియ్యం డబ్బా జరిపినా చాలు. డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మమ్మకి అలాగే అయింది. "ఎక్కడా పడలేదురా, ఊరికే వంగానంతే" అని వచ్చినవాళ్ళందరికీ సంజాయిషీ చెప్పుకుంది పాపం.

వర్టిబ్రోప్లాస్టీ చేయొచ్చన్నారు. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ, సూదితో నలిగిన పూసలోకి సిమెంటు ఎక్కిస్తారు. నిమిషాల్లో గట్టిపడుతుంది. "ఇల్లు కట్టే సిమెంటేనా?" అంది అమ్మమ్మ. కాదు, పాలీ మిథైల్ మెథాక్రిలేట్. ప్లెక్సిగ్లాస్ కూడా అదే. 1984లో ఫ్రాన్సులో గాలిబేర్, దెరామాఁ అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి ఒకావిడ మెడపూసలో రక్తనాళాల గడ్డకి ఈ పని చేశారు. గుల్లబారిన ఎముకల దాకా ఆ తర్వాత వచ్చింది.

మావయ్య వెంటనే చేయించేద్దామన్నాడు. అమ్మ ఆగుదామంది. నేను రాత్రంతా పేపర్లు చదివాను (మా వృత్తిరోగం).

2009లో ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వచ్చాయి. సగంమందికి నిజం చికిత్స, సగంమందికి ఉత్తుత్తిది. ఆ ఉత్తుత్తిది ఎంత శ్రద్ధగా చేశారంటే, మత్తు సూది ఇచ్చి, ఒక అధ్యయనంలోనైతే వీపు మీద నొక్కి, గదిలో సిమెంటు రసాయనం సీసా మూత తీశారట, వాసన రావాలని! ఇంత నిష్ఠగా రంగాలంకరణ చేసిన నాటకం నేనింకోటి చూళ్ళేదు. నెల తర్వాత నొప్పిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇద్దరికీ తగ్గింది. 2016లో ఆస్ట్రేలియావాళ్ళు, విరిగిన ఆరువారాల్లోపు, నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్ళకి చేస్తే మేలుందన్నారు. 2018లో డచ్‌వాళ్ళు మళ్ళీ తేడా లేదన్నారు. మాకప్పటికి నాలుగో వారం.

ఇదంతా డాక్టరుగారి ముందు పెడితే ఆయన విసుక్కోలేదు. "నొప్పి రోజురోజుకీ కాస్తయినా తగ్గుతోందామ్మా?" అని అమ్మమ్మనే అడిగారు. అంతసేపూ ఆవిణ్ణి ఎవరం అడగలేదు. "ఒత్తిగిలడానికి వస్తోంది నాయనా, లేవడానికే ప్రాణం పోతోంది" అంది. అయితే ఇంకో పదిరోజులు చూద్దాం, తగ్గకపోతే అప్పుడు చేద్దాం అన్నారు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే. సిమెంటు నింపేది ఒక్క పూసలో. మిగతావి గుల్లగానే ఉంటాయి. వాటికోసం ఏడాదికోసారి జొలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వాలన్నారు, ముందు డి విటమిన్ సరిచేసి. సిమెంటు గురించి ఇంటిల్లిపాదీ గంటలు గంటలు వాదించుకున్నాం గానీ దీని గురించి ఎవరూ నోరెత్తలేదు. మావయ్యకైతే ఇప్పటికీ నమ్మకం లేదు. సిమెంటయితే ఎక్స్‌రేలో తెల్లగా కనపడుతుంది, ఇదేం కనపడుతుందిరా, అంటాడు.