రేకుల మందిరం



పోయిన వేసవిలో స్కాట్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నన్నూ అమ్మగారినీ ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు తీసుకెళ్లాడు. స్క్రాబ్‌స్టర్ రేవులో ఓడ ఎక్కితే స్ట్రోమ్‌నెస్‌కు గంటన్నర. అలల ఊపుకి అమ్మగారు దారంతా కళ్లు మూసుకుని ప్రార్థిస్తూనే ఉన్నారు.

ఓడ దిగి కారులో లాంబ్ హోమ్ అనే చిన్న దీవికి వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఖైదీలను అక్కడుంచి, దీవుల మధ్య సముద్రంలో అడ్డుకట్టలు కట్టించారు. ఆ కట్ట మీదే ఇప్పుడు రోడ్డు. 1943లో ఆ ఖైదీలు రెండు రేకుల షెడ్లు కలిపి మందిరం చేసుకోవడం మొదలుపెట్టారు. మాంసం డబ్బాల రేకుతో దీపాలు చేశారు. గోడలకు రంగులద్దిన డొమెనికో కియోకెట్టి, తోటివారు వెళ్లిపోయినా పని ముగించడానికి ఆగిపోయాడు.

లోపల నిలబడితే నాకు సిగ్గేసింది. బయటి బోధకులు వస్తున్నారంటే మన రేకుల మందిరం చూసి చిన్నబుచ్చుకునేవాణ్ణి. స్లాబు పడలేదని, కానుకలు చాలడం లేదని మిమ్మల్ని గద్దించాను. కూలి డబ్బుల్లోంచి తీసి ఇచ్చినవాళ్లూ ఆ మాటలు తలవంచుకుని విన్నారు. నన్ను క్షమించండి.

ఖైదీలు తమకు దొరికిన రేకునే దేవునికిచ్చారు. మీరూ అంతే చేశారు. చూడలేకపోయింది నేనే.

స్లాబు దేవుని చిత్తమైనప్పుడు పడుతుంది. ఈ ఆదివారం వానకు రేకులు మోగి నా మాట వినబడకపోతే, ప్రసంగం ఆపేస్తాను. అందరం కలిసి పాడుకుందాం. ఆమేన్.