కొల్లేటి బాతులు

బుడమేరు పేరు చెబితే గుణదల పిల్లలకు ముందు వరదే జ్ఞాపకం వస్తుంది. 2024 సెప్టెంబరులో ఆ ఏరు పొంగి బెజవాడలో ఎన్నో పేటలను ముంచింది. ఆ నీరు చివరకు ఎక్కడికి పోతుందో తెలుసా? కొల్లేటికి! ఆ కొల్లేటికి ఏటా శీతకాలంలో వేల మైళ్ళ నుంచి చుట్టాలు వస్తారు. వారిని చూడటానికే సంక్రాంతి సెలవులలో మా అన్నగారి పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరాను.

గుడివాడ మీదుగా కైకలూరు చేరి, ఆ ప్రక్కనే ఉన్న ఆటపాకలో పడవ ఎక్కాము. ముందుగా కనిపించినవి గొంతు క్రింద సంచి వేలాడే పెద్ద పక్షులు.

"బాబాయ్, ఎంత పెద్ద బాతులో!" అన్నాడు చిన్నవాడు.

అవి గూడబాతులు. పేరులో బాతు ఉన్నా అవి బాతులు కావు. బాతు కాలికి ముందున్న మూడు వేళ్ళనే చర్మం కలుపుతుంది. గూడబాతుకు నాలుగు వేళ్ళూ కలిసే ఉంటవి.

అసలు బాతులు దూరాన, పల్లపు నీటిలో ఉన్నవి. మేము చూస్తూండగానే వాటి తలలు మాయమై, తోకలు మాత్రం ఆకాశం కేసి నిలబడ్డవి! పిల్లలు పకపకా నవ్వారు. అవి సూదితోక బాతులు. సైబీరియా వంటి ఉత్తర దేశాలలో పిల్లలను పెంచి, అక్కడ నీరు గడ్డకట్టే వేళకు ఇటు వస్తవి. తలక్రిందులై, మెడ చాచి, అడుగున ఉన్న గింజలూ పురుగులూ ఏరుకు తింటవి. మెడ ఎంత పొడుగో వాటి అందుబాటు అంత. మహా అయితే మూరెడు లోతు.

"సముద్రం దగ్గరే గదా, అక్కడే ఉండరాదూ?" అన్నది పెద్దపిల్ల.

సముద్రంలో బతికే బాతులు వేరే ఉన్నవి. వాటి కాపురం ఉత్తరాన చలి సముద్రాలలో. పొడుగుతోక బాతు అనేది 60 మీటర్ల లోతుకు కూడా మునగగలదు. ఈడర్ బాతు ఆల్చిప్పలను గుల్లతో సహా మింగుతుంది; దాని కడుపులోని కండరాలే గుల్లను పిండి చేస్తవి. ఆడ ఈడరు తన రొమ్ము మీది మెత్తని నూగు పీకి గూటిలో పరుస్తుంది. ఉప్పునీరు త్రాగినా ఈ బాతులకు బాధ లేదు. కళ్ళ పైన ఉండే గ్రంథులు ఎక్కువైన ఉప్పును ముక్కు గుండా బయటికి పంపుతవి. సముద్రం గడ్డకట్టని చోటు దొరికితే వాటికి చాలు, మనదాకా రావు.

అంటే ఏ బాతుకు తగిన లోతు దానికి ఉండాలన్నమాట. కొల్లేటిలో వచ్చిన చిక్కు ఇక్కడే. సరస్సులో గట్లు పోసి చేపల చెరువులు త్రవ్వారు. చేపల పెంపకం ఎందరికో జీవనమే. కాని ఆ చెరువుల లోతులో సూదితోక బాతుకు అడుగు అందదు. పైగా వరదనీరు పరచుకోవటానికి ఆ గట్లు అడ్డు. 1999లో కొల్లేటిని పక్షుల రక్షణకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని లోపలి చెరువుల గట్లు చాలా కొట్టివేశారు. తరవాత కొన్ని మళ్ళీ లేచినవి.

పొద్దు వాలింది. బాతులు బారులుగా లేచి, మేత కోసం వరిచేల వైపు సాగినవి.

మర్నాడు ఇంటికి వచ్చాక చిన్నవాడు బుడమేరు వంతెన మీద నిలబడి చాలాసేపు నీటికేసి చూశాడు.

"బాబాయ్, ఈ నీళ్ళు బాతుల దగ్గరికి ఎప్పటికి చేరతవి?" అని అడిగాడు.

"దారిలో ఎవరూ అడ్డం కట్టకపోతే త్వరగానే చేరతవి," అన్నాను.